శనివారం మ్యాచ్‌కి ఏం వేసుకోవాలి? చెన్నపట్నం రుమాలుకీ అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌కీ ఉన్న చుట్టరికం

పోయినసారి చింతాద్రిపేట గురించి రాస్తే, "ఎప్పుడూ మన వీధులేనా, కాస్త బయటి కబుర్లు కూడా రాయండి" అని ఇద్దరు ముగ్గురు అన్నారు. సరే, ఈసారి అమెరికా వెళ్తున్నాను. అయితే తిరిగి జార్జిటౌన్‌కే వస్తాను, ముందే చెప్తున్నా.

మా మనవరాలు ఈ ఆగస్టులో ఆలబామాలో కాలేజీలో చేరింది. వెళ్లిన మూడో వారంలో ఫోన్ చేసింది. "తాతా, శనివారం ఇక్కడ ఫుట్‌బాల్ మ్యాచ్. దానికి ఏం వేసుకోవాలో అందరూ నెల ముందే చూసి పెట్టుకుంటారట. నా దగ్గర రెండు జీన్సు, నాలుగు కుర్తీలు ఉన్నాయి. వెళ్లకుండా రూములోనే ఉండిపోతా" అంది. గొంతు చూస్తే బట్టల సంగతి ఒక్కటే కాదని అర్థమైంది. నలభై ఏళ్లు గోడౌన్ వీధిలో గుడ్డ కొలిచినవాణ్ణి, ఏం వేసుకోవాలో చెప్పలేనా అనుకున్నాను. రెండు రోజులు గడువు అడిగి పుస్తకాలు ముందేసుకున్నాను.

వాళ్ల ఫుట్‌బాల్ మనం కాలితో తన్నే ఆట కాదు, బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తే ఆట. మొదట్లో మాత్రం తన్నుడే. 1869 నవంబరు 6న న్యూజెర్సీలో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీల మధ్య జరిగిన ఆటను కాలేజీ ఫుట్‌బాల్‌లో మొదటిదిగా లెక్కిస్తారు. జట్టుకు 25 మంది. రట్గర్స్ 6-4 తేడాతో గెలిచింది. అప్పటికి యూనిఫారం అన్న మాట లేదు. అంతమంది మైదానంలో కలబడితే మనవాడెవడో పైవాడెవడో ఎలా తెలుస్తుంది? అందుకని రట్గర్స్ కుర్రాళ్లు ఎర్ర గుడ్డలు తలకు చుట్టుకున్నారు. తలపాగాలండీ! ఈ రోజు లక్షమంది కూర్చునే స్టేడియాల్లో జనం వేసుకునే రంగులన్నీ ఆ తలగుడ్డకు వారసులే.

ఆ ఎరుపు ఎందుకో తెలుసా? మంచి ఎర్ర రిబ్బను బజారులో తేలిగ్గా దొరికేదట, అంతే. హార్వర్డ్ ముదురెరుపు కథా ఇలాంటిదే. 1858లో బాస్టన్ పడవ పందేలకు ముందు చార్లెస్ ఎలియట్ అనే యువకుడు, అతని స్నేహితుడు కలిసి తమ జట్టుకు ఎర్ర పట్టు రుమాళ్లు కొన్నారు. దూరం నుంచి చూసేవాళ్లు పడవను గుర్తుపట్టాలని. ఈ ఎలియటే తర్వాత హార్వర్డ్ అధ్యక్షుడయ్యాడు. అలాంటి రుమాలుకి ఇంగ్లీషులో ఉన్న బాండానా అన్న పేరు కూడా మన దేశపు బాంధనీ నుంచి వెళ్లిందే.

ఇక జార్జిటౌన్‌కి వద్దాం. హార్వర్డ్‌తో ఏటా పోటీపడే నీలిరంగు కాలేజీ యేల్. ఆ పేరు ఎవరిదో మన పిల్లలకు తెలియదు. ఎలిహు యేల్ 1672లో ఇక్కడికి వచ్చి, 1687 నుంచి 1692 దాకా మన సెయింట్ జార్జి కోటకు గవర్నరుగా ఉన్నాడు. సొంత వ్యాపారం మితిమీరిందన్న ఆరోపణల మీద పదవి పోయింది. అప్పటికే బోలెడు గడించాడు. 1718లో కనెక్టికట్‌లోని ఒక చిన్న కాలేజీకి 417 పుస్తకాలు, ఒక రాజుగారి పటం, తొమ్మిది బేళ్ల సరుకు పంపాడు. ఆ బేళ్లలో ఐరోపా బట్టలతో పాటు క్యాలికో, మస్లిన్ తానులూ ఉన్నాయి. అవి బాస్టన్‌లో అమ్మితే 562 పౌండ్ల పైచిలుకు వచ్చింది. కాలేజీకి ఆయన పేరు పెట్టారు. కాశీ వీరన్న, బేరి తిమ్మన్న లాంటి తెలుగు వర్తకులు కంపెనీకి గుడ్డ సమకూర్చిన ఊరది, ఆ కాలమది. యేల్ సంపదలో మన మగ్గాల పాలు ఎంతో మీరే ఊహించుకోండి. ఇంకో మాటా దాచకూడదు. ఆయన హయాంలో ఈ కోట రేవు నుంచి మనుషుల్ని బానిసలుగా ఓడలెక్కించారు. ఆయన కొడుకు సమాధిని హైకోర్టు పక్కన పాత లా కాలేజీ ఆవరణలో కట్టారు. బస్సులో పోతూ ఎన్నిసార్లు చూసి ఉంటారో.

మ్యాచ్ రోజు ముస్తాబు ఎలా పెరిగిందో గబగబా చెప్తాను. 1920ల్లో డబ్బున్న కుర్రాళ్లు రాకూన్ అనే జంతువు బొచ్చుతో కుట్టిన, మడమల దాకా వేలాడే కోట్లు వేసుకుని స్టేడియానికి వెళ్లేవాళ్లు. అమ్మాయిలు కోటుకు చామంతి పువ్వు గుచ్చి, కాలేజీ రంగు రిబ్బను కట్టుకునేవాళ్లు. టెక్సస్‌లో ఆ చామంతి ఇప్పుడు కృత్రిమ పువ్వై, రిబ్బన్లతో నేల దాకా వేలాడుతోంది. మన పెళ్లికూతురి జడ కూడా దాని ముందు చిన్నబోతుంది. 1930ల్లో ఆటగాళ్ల కోసం తయారైన టోపీ బనియన్లు, కాలేజీ పేరు అచ్చేసిన బనియన్లు మెల్లగా విద్యార్థుల ఒంటి మీదికి వచ్చాయి. ఇవాళ పాండీబజారులో పిల్లలు వేసుకు తిరిగే హుడీ ఆ బాపతే.

మనకు కావలసింది 1958 నాటి కథ. జేకబ్సన్ అనే అమెరికా దిగుమతిదారు కెప్టెన్ కృష్ణన్ నాయర్ దగ్గర మద్రాసు గళ్ల గుడ్డ కొన్నాడు. తర్వాత లీలా హోటళ్లు పెట్టింది ఈ నాయరే. చన్నీళ్లలో జాగ్రత్తగా ఉతకాలి, లేకపోతే రంగు దిగుతుందని నాయర్ చెప్పాడట. ఆ మాట అవతలి కొట్టుకు చేరలేదు. బ్రూక్స్ బ్రదర్స్ వాళ్లు చొక్కాలు కుట్టి అమ్మితే రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. కొన్నవాళ్లు గొడవకు వచ్చారు. చివరికి ఆ లోపాన్నే గొప్పగా చేసి, రంగు దిగుతుందని మాది హామీ అంటూ ప్రకటన వేసి మళ్లీ అమ్మారని వ్యాపారులు చెప్పుకుంటారు. మా వీధిలో రంగు దిగే గుడ్డ అమ్మితే తాను తెచ్చి మొహాన కొట్టేవాళ్లు! మొత్తానికి 1960ల్లో ఆ గళ్ల కోటు అమెరికా కాలేజీ కుర్రాడి గుర్తయింది. ఇక్కడ రిక్షావాడి లుంగీ, అక్కడ దొరబిడ్డ కోటు, గళ్లు మాత్రం అవే.

ఇదంతా ఫోన్లో చెప్తే మనవరాలు ఓపిగ్గా విని ఒక ప్రశ్న వేసింది. "అది సరే తాతా. ఆ రంగు వేసుకుంటే నేను వాళ్ల మనిషినైపోతానా?"

దీనికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ దక్షిణాది రాష్ట్రాల్లో గుడ్డకు ఇంకో చరిత్ర ఉంది. 1962 సెప్టెంబరు 29న మిసిసిపీ విశ్వవిద్యాలయం ఆడుతున్న మ్యాచ్ మధ్యలో గవర్నరు రాస్ బార్నెట్ మైకు పట్టుకున్నాడు. జేమ్స్ మెరెడిత్ అనే నల్లజాతి విద్యార్థిని చేర్చుకోకూడదని పట్టుబట్టింది ఈయనే. బానిసత్వం కోసం యుద్ధం చేసిన పక్షపు జెండాలు స్టేడియం నిండా ఊగాయి. మర్నాడు రాత్రి ఆ క్యాంపస్‌లో జరిగిన అల్లర్లలో ఇద్దరు చనిపోయారు. అక్టోబరు 1న మెరెడిత్ చేరాడు. జెండాలు మాత్రం మ్యాచ్‌లకు వస్తూనే ఉన్నాయి. 1997లో విశ్వవిద్యాలయం స్టేడియంలోకి కర్రలు తేకూడదని నియమం పెట్టింది. కర్ర లేకపోతే జెండా లేదు కదా! ఇప్పుడు అదే క్యాంపస్‌లో చెట్ల కింద గుడారాలు వేసి, మగవాళ్లు కోటు, టై, ఆడవాళ్లు పెళ్లికి వచ్చినట్టు గౌన్లు వేసుకుని విందు చేసుకుంటారు.

ఇంకో వైపూ చూడాలి. 2001 సెప్టెంబరులో న్యూయార్క్ జంట భవనాలు కూలిన కొద్ది రోజులకే టెక్సస్ ఏ అండ్ ఎం విద్యార్థులు కొందరు పూనుకుని ఎరుపు, తెలుపు, నీలం చొక్కాలు ఒక్కొక్కటి ఐదు డాలర్లకు అమ్మారు. సుమారు 70,000 అమ్ముడయ్యాయి. స్టేడియంలో ఒక అంతస్తు మొత్తం ఎరుపు, ఒకటి తెలుపు, ఒకటి నీలం. మిగిలిన డబ్బు బాధితుల సహాయానికి పంపారు.

ఈ రెండూ చెప్పి, "రంగు వేసుకోవడం నీ ఇష్టం. కానీ బట్టలు లేవని రూములో మాత్రం కూర్చోకు" అన్నాను. మా నాన్న ఈ ఊళ్లో తమిళ వ్యాపారుల మధ్య వాళ్లలాగే వేష్టి కట్టి, వాళ్ల మాటే మాట్లాడి, ఇంటికొచ్చి మాతో తెలుగులో దెబ్బలాడేవాడు. అదీ చెప్పాను. నవ్వింది.

తర్వాత అసలు సంగతికి వచ్చాం. సెప్టెంబరులో అక్కడ మన ఎండే, కాబట్టి పల్చటి నూలు. కూర్చునేది సిమెంటు మెట్ల మీదో బల్లల మీదో, నడిచేది గడ్డిలో, అందుకని సన్న మడమల చెప్పులు వద్దు. లోపలికి పారదర్శకమైన సంచీయే తీసుకుపోవాలి. ఎదుటి జట్టు రంగు పొరపాటున కూడా వేసుకోకూడదు. వాళ్లది ముదురెరుపు, తెలుపు. "తెల్ల కుర్తీ ఉందిగా? అమ్మమ్మ కందిపొడి సీసా చుట్టి ఇచ్చిన గుడ్డ ఏది?"

అది చీరాల వైపు నేసిన ఎర్రగళ్ల మద్రాసు రుమాలు, గజం చదరం. ఆ సరుకు చెన్నపట్నం వర్తకుల చేతుల మీదుగా నైజీరియా దాకా పోయేది. అక్కడి కాలబారీ వాళ్లు దాని నూలుపోగులు కోసి తీసి కొత్త నమూనాలు తెచ్చేవాళ్లు. మా కొట్టు మూసేనాడు మిగిలిన చివరి తానులోది అది.

"పొడి వాసన వస్తోంది తాతా."

"రెండుసార్లు ఉతుకు."

ఆదివారం ఫొటో పంపింది. రుమాలు తలకు కట్టుకుంది, రట్గర్స్ కుర్రాళ్లలాగే. పక్కన ఇద్దరు అమ్మాయిలు. చెమటకు రుమాలు రంగు దిగి తెల్ల కుర్తీ భుజం గులాబీ అయింది. ఎక్కడ కొన్నావని ఆ పిల్లలు అడిగారట.

మీ ఇళ్లలో పాత మద్రాసు రుమాలు తానులు గానీ, ఎగుమతి బేళ్ల మీద అంటించిన రంగు చీటీలు గానీ ఉంటే పారేయకండి. ఫొటో తీసి నాకు పంపండి. ఎవరి కొట్టుదో, ఏ వీధిదో కూడా రాయండి.