తరగతి గదిలో బ్లాగులు, అంతర్జాల సాధనాలు

విద్యార్థి తాను నేర్చుకున్నది రాసి నలుగురి ముందు పెట్టేలా బ్లాగు, వికీ, ఆన్‌లైన్ తరగతి వంటివాటిని వాడే బోధన పద్ధతి ఇది. 1999లో వచ్చిన బ్లాగర్‌తో సొంత పేజీ పెట్టుకోవడం తేలికైంది. 2005లో బడుల కోసమే ఎడ్యుబ్లాగ్స్, 2014లో గూగుల్ క్లాస్‌రూమ్ వచ్చాయి.

ఆంధ్రప్రదేశ్ బడులకు మాత్రం చూసే సాధనాలే ఎక్కువగా చేరాయి. 2017 సెప్టెంబరు 5న మొదలైన దీక్ష వేదికలో పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే పాఠం తెరుచుకుంటుంది. 2022 డిసెంబరు 21న ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు కలిపి 5,18,740 ట్యాబుల పంపిణీ మొదలైంది. బైజూస్ పాఠాలు ముందే నింపి ఇచ్చారు. నెట్ అందని ఊళ్లో అది పెద్ద సౌకర్యమే. కాకపోతే అలాంటి ట్యాబు పాఠం చెబుతుంది గానీ పిల్లవాడు చెప్పేది వినదు.

తెలుగులో రాయించడానికి మొదట అడ్డొచ్చింది కీబోర్డు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే లేఖిని ఆ చిక్కును చాలావరకు తీర్చింది. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగు మాటను అక్షరాల్లోకి మార్చే వీలూ కల్పించింది. ఒత్తులు, దీర్ఘాలు సరిచూసుకోవడం ఇప్పటికీ రాసినవారి పనే. భాషాబోధన నిజంగా జరిగేది అక్కడే. కళాశాల స్థాయిలో ఇలా రాయించిన ఉదాహరణ ఉంది: విజయవాడ ఆంధ్ర లొయోలా కళాశాల విద్యార్థులు 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో రాశారు. బ్లాగులో సొంత అభిప్రాయం చెల్లుతుంది, వికీలో ఆధారం చూపాలి. ఈ రెండో అలవాటు పరీక్షల చదువులో అరుదు.

ఇలా రాయడానికి అనకాపల్లి జిల్లా చోడవరం వంటి చోట వస్తువుకు కొదవ లేదు. స్వయంభూ వినాయకుడి గుడి, గోవాడ చక్కెర కర్మాగారం, చుట్టుపక్కల చెరకు తోటలు, బెల్లం వంట. పాకం పదును ఎలా తెలుస్తుందని బెల్లం వండే తాతను అడిగి రాస్తే తెలుగు, రసాయనశాస్త్రం రెండూ పనిచేస్తాయి. 2022 ఏప్రిల్ 4న చోడవరం అనకాపల్లి జిల్లాలోకి వచ్చినా ఇంటర్నెట్‌లో విశాఖ జిల్లా పేరు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. ఆ తప్పు వెతికి, ఆధారంతో దిద్దడం తొలి అభ్యాసంగా ఇవ్వవచ్చు.

18 ఏళ్ల లోపువారి వ్యక్తిగత వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలని 2023 నాటి డేటా రక్షణ చట్టం చెబుతోంది. అందుకే తరగతికంతా ఒకే ఖాతా, పిల్లలకు మారుపేర్లు, వ్యాఖ్యలు ముందు ఉపాధ్యాయుడు చూశాకే పైకి రావడం మేలు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో పాటు పొలానికి వెళ్తుంది కాబట్టి, తొలి ప్రతి నోటుపుస్తకంలోనే రాయిస్తారు.