పదును

డిసెంబరు మొదటి వారం. నాగావళి కాలవ కింద మా అమ్మగారి ఊళ్ళో కళ్ళం. టార్పాలిన్ మీద ఆరబోసిన ధాన్యం పక్కన మా మేనమామ గొంతుక్కూర్చున్నాడు. రైతు సేవా కేంద్రం నుంచి వచ్చిన అమ్మాయి తేమ మిషన్ను పీటమీద పెట్టి, రాశిలో నాలుగు చోట్ల మోచేతి దాకా చెయ్యి దూర్చి తీసిన గింజల్ని దాని కప్పులో పోసి మీట నొక్కింది.

"ఎంతొచ్చిందమ్మా?"

"పద్దెనిమిది పాయింట్ రెండు తాతా. పదిహేడు దాటితే నేను రాయకూడదు. ఇంకొక్క ఎండ చూపించండి."

మావ రెండు గింజలు నోట్లో వేసుకుని కొరికాడు. ఊసేసి, "తడి నేదమ్మా ఇందల. పదునుంది, అంతే" అన్నాడు.

ఆ పిల్ల నవ్వి ఊరుకుంది. నేను మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. పదును అంటే నాకు కత్తి అంచు. పిల్లలచేత వ్యతిరేకపదం రాయిస్తే 'మొద్దు' అని రాస్తారు, మార్కు వేస్తాం. మావకి పదునుకి వ్యతిరేకం మొద్దు కాదు. ఎండిపోవడం ఒక పక్క, నానిపోవడం ఇంకో పక్క. రెండింటికీ మధ్య ఉన్న సన్నటి జాగా పేరు పదును. పట్నంలో ఈ అర్థం దాదాపు చచ్చిపోయింది. పదునైన విమర్శ ఉంది, బుర్రకి పదును పెట్టడం ఉంది, పదును వాన మాత్రం లేదు.

నిఘంటువులకి ఈ మరుపు లేదు. బ్రౌను నిఘంటువు చూసినా ఇనుముకి పెట్టే పదునూ మట్టికి పట్టే పదునూ ఒకే మాట కింద కనిపిస్తాయి. కత్తికీ బురదకీ ఏమిటి చుట్టరికం?

నాకు మొదట తోచిన జవాబు కమ్మరి కొలిమి దగ్గర దొరికింది. మా ఊళ్ళో కొడవళ్ళు లారీ కమాను పట్టీతో చేసేవారు. కాల్చి, సాగగొట్టి, అంచు తీసి, మళ్ళీ ఎర్రగా కాల్చి పక్కనున్న నీళ్ళతొట్టిలో అంచు మాత్రం ముంచుతాడు. చుయ్యిమంటుంది. పైకి తీసి, అంచుమీది నల్లటి పొర ఇసకతో గీకి, కళ్ళు చిట్లించి చూస్తూ కూర్చుంటాడు. వెన్నులో మిగిలిన వేడి అంచు వైపు పాకుతుంది. తెల్లగా మెరిసే లోహం మీద మొదట ఎండుగడ్డి రంగు వస్తుంది, తరవాత తేనె రంగు, ఊదా, చివరికి నీలం. కొడవలికి ఏ రంగు దగ్గర ఆపాలో అతనికి తెలుసు. అక్కడ మళ్ళీ ముంచుతాడు. ఒక్క క్షణం ముందైతే అంచు పెళుసు, రాయి తగిలితే రాలిపోతుంది. ఒక్క క్షణం దాటితే మెత్తన. ఇదీ పదును పెట్టడం. సానరాయి మీద నూరడం తరవాతి సంగతి. ఆ నూరుడునే మనం ఇవాళ పదును పెట్టడం అంటున్నాం.

ఆ గడ్డిరంగు సుమారు 220, 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర వస్తుంది, నీలం 300 దగ్గర. లోహం మీద పట్టే ఆక్సైడు పొర మందాన్ని బట్టి రంగు మారుతుంది. అంటే ఆ కొడవలి తన ఉష్ణమాపకం తనే మోస్తోందన్నమాట. కార్ఖానాల్లో ఈ పని పైరోమీటరు చేస్తుంది, అయిన పని బాగుందో లేదో రాక్‌వెల్ మిషన్ చెబుతుంది. 120 డిగ్రీల కోణంలో చెక్కిన వజ్రపు మొనను ముందు 10 కిలోల బరువుతో ఆనించి, తరవాత మొత్తం 150 కిలోలకి పెంచి, మళ్ళీ తగ్గించి, మొన ఎంత లోతు దిగిందో చూస్తుంది. ఉక్కు మీద సూదిపోటంత చుక్క మిగులుతుంది, గడియారం ముఖం మీద ఒక అంకె నిలుస్తుంది. పాఠ్యపుస్తకంలో ఆ అంకెకి పేరు కాఠిన్యం. మంచి మాటే. కానీ కాఠిన్యం ఎంత ఎక్కువుంటే అంత గట్టి. పదును అలా కాదు, ఎక్కువైనా చెడుతుంది.

ఇక్కడో పక్కమాట. ఉక్కుకి పదును లోపలిదాకా దిగడానికి మాంగనీసు తోడ్పడుతుంది. విజయనగరం జిల్లాలో గరివిడి, గర్భాం, కోడూరు చుట్టుపక్కల నేలలో ఉన్నది అదే. కోడూరు పేరుమీద 'కోడూరైట్' అని ఒక రాయికి భూగర్భశాస్త్రంలో పేరుంది. గరివిడిలో ఫెర్రో అల్లాయిస్ కొలుములు వెలిసింది ఈ గనుల వల్లే. పదును అనే మాటకి రెండర్థాలూ బతికి ఉన్న చోటే ఇనుము పదునుకి దినుసు కూడా దొరకడం నాకు ముచ్చటగా ఉంటుంది, దీనితో వ్యుత్పత్తికి సంబంధం ఏమీ లేకపోయినా.

సరే, నీళ్ళతొట్టి. ఇనుముకి పదును వచ్చేది నీళ్ళలో ముంచితేనే కాబట్టి తేమ అనే అర్థంలోంచి వాడి అనే అర్థం పుట్టిందని కొన్నాళ్ళు నమ్మాను, పదిమందికి చెప్పాను కూడా. చెప్పడానికి బాగుంటుంది. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు తిరగేసేసరికి నా తొట్టి కథ నిలవలేదు. తమిళంలో 'పదం' ఉంది, కన్నడంలో 'హద' ఉంది. మన పాలు వాళ్ళకి హాలు అయినట్టే మన పదునులోని పకారం వాళ్ళకి హకారమైంది. ఈ తోబుట్టువుల్లో నీళ్ళు ముఖ్యం కాదు. అన్నం పదంగా ఉడకడం, బెల్లం పాకం పదానికి రావడం, నేల హదకి రావడం: ఏ వస్తువైనా పనికి సరిగ్గా లొంగే స్థితి. కుండెడు అన్నానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలని మనం అంటామే, తమిళులు అదే సామెతలో వాడే మాట పదం. నేలకి ఆ స్థితి తేమవల్ల వస్తుంది కాబట్టి మట్టి దగ్గర పదును తేమ అయింది. ఇనుముకి నిప్పూ నీళ్ళవల్ల వస్తుంది కాబట్టి కొలిమి దగ్గర వాడి అయింది. ఒకటి రెండోదాని బిడ్డ కాదు, రెండూ ఒక తల్లి బిడ్డలే. (సంస్కృతం నుంచి వచ్చిన పదం, అంటే పాదమూ మాటా, దీనికి చుట్టం కాదు. వినడానికి ఒకేలా ఉన్నంత మాత్రాన చుట్టరికం కలపకూడదు.)

అదనూ పదునూ అని జంటగా అంటారు పెద్దలు. అదను కాలానికి, పదును నేలకి. వాతావరణశాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు పడితే అది వాన కురిసిన రోజు. వానకొలత గొట్టం తను పట్టిన నీళ్ళనే చెబుతుంది. ఆ నీళ్ళని కింద నేల ఏం చేసుకుందో దానికి పట్టదు. ఒకే వాన ఎర్రటి గరువు నేలలో పదునై, పక్కనున్న జిగట పల్లంలో జారుడు బురదవుతుంది. అందుకే మా వైపు వానని పదును లెక్కన చెప్పుకుంటారు. "రాత్రి పదును పడిందా?" అంటే ఎన్ని చుక్కలు రాలాయని అడిగినట్టు కాదు, రేపు అరక కట్టొచ్చా అని.

చూసే పద్ధతి అందరికీ తెలిసిందే. జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కాలి. ముద్ద కట్టాలి, చేతికి అంటకూడదు. నడుమెత్తు నుంచి వదిలితే పగలాలి. పగలకపోతే తడెక్కువ, అసలు ముద్దే కట్టకపోతే పదును దాటిపోయింది.

స్వీడన్‌లో ఆల్బర్ట్ అటర్‌బర్గ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1911లో ఇదే ప్రశ్నకి ప్రయోగశాలలో జవాబు వెతికాడు. ఆయన పేరుమీద నడిచే పరీక్షలో బంకమట్టిని గాజు పలకమీద అరచేత్తో దారంలా పొర్లిస్తారు. మూడు మిల్లీమీటర్ల సన్నానికి వచ్చేసరికి దారం సరిగ్గా అక్కడ పగిలి ముక్కలైతే, అప్పుడు అందులో ఉన్న తేమ శాతం ఆ మట్టికి ప్లాస్టిక్ హద్దు. దున్నడానికి మేలైన తేమ దీనికి కాస్త దిగువన ఉంటుంది. నన్ను ఆశ్చర్యపరిచింది సిద్ధాంతం కాదు, ఆ చెయ్యి. నూరేళ్ళు దాటింది, రోడ్ల కాంట్రాక్టరు సైటు లాబులోకి వెళ్ళి చూడండి: వెయ్యోవంతు గ్రాము తూచే త్రాసూ, 105 డిగ్రీల దగ్గర కదలకుండా నిలిచే ఓవెనూ ఉంటాయి. వాటి మధ్యన ఒక కుర్రాడు గాజుపలక మీద, అమ్మ జంతికల పిండి చూసుకున్నట్టు, మట్టి పొర్లిస్తుంటాడు.

ఆ లాబులోనే ఇంకో పరీక్ష ఉంది. గట్టు వేసే మట్టిని వేరువేరు తేమల దగ్గర అచ్చులో పోసి, లెక్కప్రకారం సమ్మెటతో దంచి, ఏ తేమ దగ్గర అది అన్నిటికంటే గట్టిగా కూరుకుంటుందో చూస్తారు. కాలిఫోర్నియాలో మట్టి ఆనకట్టలు కట్టిన రాల్ఫ్ ప్రాక్టర్ 1933లో పెట్టిన పద్ధతి. వచ్చే గీత కొండలా ఉంటుంది. తేమ తక్కువైతే రేణువులు జరగవు, ఎక్కువైతే నీళ్ళే చోటు ఆక్రమిస్తాయి. శిఖరం దగ్గరి తేమని సైటు మీద అందరూ ఓఎంసీ అంటారు. తెలుగులో రాయాల్సొస్తే 'అనుకూలతమ తేమ శాతం' లాంటిదేదో రాస్తారు. రోలరు తోలే మనిషి మాత్రం ట్యాంకరువాణ్ణి కేకేసి "ఇంకా పదును రానేదు, ఇంకో తడుపు తడుపు" అంటాడు. కళ్ళెదుట, చెవులారా, పారిభాషిక పదం గాల్లో ఉంది. దాన్ని కిందికి దింపి పుస్తకంలో పెట్టినవాడు లేడు.

గిడుగు రామమూర్తి గారు శ్రీకాకుళం జిల్లా మనిషి. 1863లో వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టారు. జనం నోట ఉన్న మాటే భాష అని వాదించడానికి ముందే సవరల ఊళ్ళు తిరిగి వాళ్ళ భాష వింటూ రాసుకున్నారు. ఆ మన్యం జ్వరాలకి మింగిన క్వినైనా వల్ల ఆయనకి వినికిడి దెబ్బతింది. భాషాశాస్త్రజ్ఞుడికి చెవే పరికరం. అది పాడైనా సవర నిఘంటువు పూర్తిచేశారు. మన శాస్త్ర పరిభాష కమిటీలు చెవులు బాగున్నప్పుడే వినలేదని నా ఫిర్యాదు. గాలిలో తేమ కొలిచే పరికరానికి ఆర్ద్రతామాపకం అని ముచ్చటైన సమాసం చేసుకున్నాం, బడిలో నేనూ చెప్పాను. తొలినాటి ఆర్ద్రతామాపకాల్లో పేరుపడ్డది తలవెంట్రుకతో చేసింది. 1783 నాటి సొసూర్ పరికరం అది. గాలి చెమ్మగిలితే వెంట్రుక సాగుతుంది, ముల్లు కదులుతుంది. ఆ సంగతి చెప్పినప్పుడు పిల్లలకి వెంటనే ఎక్కింది. సమాసం మాత్రం పరీక్ష రోజుదాకా ఎక్కలేదు.

ఇంతకీ కళ్ళంలోని ఆ తేమ మిషన్. అది గింజలోని నీటిని నిజానికి చూడదు. కప్పు లోపల రెండు లోహపు పలకలుంటాయి, గింజలు వాటి మధ్యన పడతాయి. విద్యుత్తును నిలవ చేసుకోనిచ్చే గుణంలో నీటి అంకె సుమారు 80, ఎండిన గింజది మూడో నాలుగో. అంత తేడా ఉంది కాబట్టి కొద్దిపాటి నీళ్ళున్నా పలకల మధ్య కెపాసిటీ పెరుగుతుంది, దాన్నిబట్టి శాతం లెక్కగడుతుంది. అందుకే మీట నొక్కే ముందు వరా, చోళ్ళా, మొక్కజొన్నా అని దానికి చెప్పాలి. ఎండలో కాలిన గింజని వెంటనే పోస్తే ఒక అంకె, నీడలో చల్లారాక ఇంకో అంకె. కప్పులో వదులుగా పోస్తే ఒకటి, తట్టి పోస్తే ఒకటి. అసలు సాక్షి ఓవెన్: పిండి చేసి, తూచి, అందులో ఆరబెట్టి, మళ్ళీ తూచడం. మిషన్లన్నీ దాని ముందు ప్రమాణం చేయాల్సినవే. చేయించకపోతే ఏమవుతుందో ఒక ఏడు చూశాం. కళ్ళంలో 16.8 చూపిన ధాన్యం మిల్లు గేటు దగ్గర ఇంకో మిషన్లో 18 దాటింది. ఏ మిల్లన్నది అప్రస్తుతం. ట్రాక్టరు రాత్రంతా అక్కడే నిలబడింది, కిరాయి మాది.

శాతంలోనూ ఒక మెలిక ఉంది. 100 కిలోల ధాన్యంలో 17 కిలోల నీళ్ళుంటే 17 శాతం అంటాం, నీళ్ళతో కలిపిన బరువు మీద. నార వ్యాపారం లెక్క వేరు. పొడిబరువు మీద కడతారు. గోగునార పండించిన ఈ జిల్లాల్లో, నెల్లిమర్ల లాంటి చోట ఆడిన జూట్ మిల్లుల ప్రపంచంలో, జనపనారకి ప్రామాణిక తేమ 13.75 అంటే 100 కిలోల పొడినారకి 13.75 కిలోల నీళ్ళని. ధాన్యం లెక్కలో అది 12 పైచిలుకే. ఆ తేమ దోషం కాదు, నారకి అవసరం. పొడినార మరమీద పుట్టుక్కున తెగుతుంది. అందుకే నూనే నీళ్ళూ కలిపి చిలికిన ద్రవం చల్లి, గుట్టలు వేసి, మెత్తబడేదాకా ఉంచుతారు. నాకైతే అదీ పదును పట్టించడమే. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకే ఆడవాళ్ళకి వేసవి పొడిగాలి ఎందుకు గిట్టదో కూడా ఈ లెక్కే చెబుతుంది.

మావ ఒక ఎండ కాదు, రెండెండలు చూపించాడు. మూడోనాడు పొద్దున్న ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఈసారి గింజల్ని ముందు నీడన కాసేపు పరిచింది. మూడుసార్లు పోసి మూడంకెలూ చీటీ వెనక రాసుకుని సగటు కట్టింది: 16.4. మావ అప్పటికే కొరికి చూశాడు. టిక్కుమని విరిగిన చప్పుడు నాకూ వినబడింది.

"పదును పోయిందమ్మా, రాసుకో."

ఆమె 16.4 అని రాసి సంతకం పెట్టి, కప్పు బోర్లించబోయింది. మావ రెండు చేతులూ చాచి ఆ గింజల్ని దోసిట్లో పట్టి, రాశి మీద పోశాడు.