పాఠము, వల్లె, అప్పగింత

ఐదవ తరగతి చదువు పిల్లవాడున్న ఇంటిలో దీపము పెట్టిన తరువాత వినబడు మొదటి ప్రశ్న "హోంవర్కు చేసితివా?" అనునది. ఈ మాటకు "ఇంటిపని" యని తెలుగుచేసినవారు కలరు. కాని ఆ పేరు విన్న పిల్లవాడు తన్ను అంట్లు తోమమనుచున్నారేమో యని భయపడును. మన పెద్దలకు ఈ పనికి వేరే పేర్లుండెడివి. బడిలో పంతులు చెప్పినది పాఠము. ఇంటికడ పదిమారులు పలికినది వల్లె. మరునాటి ఉదయము గురువు నెదుట తిరిగి పలికినది అప్పగింత. ఒకరి సొమ్మును మన యొద్ద నుంచుకొని తిరిగి ఇచ్చునప్పుడు వాడు మాట యిది. పెండ్లిలో పిల్లను అత్తవారి చేతిలో పెట్టునప్పుడును ఈ మాటనే వాడుదుము. చదువు ఒక రాత్రికి పిల్లవాని వద్ద ఉంచిన సొమ్మని మనవారి భావము.

ఈ రాత్రి చదువు ఎట్లు నడచెను, ఎప్పుడు మారెను అను విషయమును చెప్పుటకు మేము ఇబ్రహీంపట్టణమును మనస్సులో నుంచుకొందుము. ఈ ఊరు హైదరాబాదునకు ఆగ్నేయముగా సుమారు 30 కిలోమీటర్ల దూరములో, నాగార్జునసాగరు మార్గములో నున్నది. 1550 మొదలు 1580 వరకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరిట వెలసినది. ఆతని కాలపుదని చెప్పుకొను పెద్ద చెరువు నేటికిని ఊరికి గుర్తు. నిజాముల కాలమున ఈ ప్రాంతము అత్రాఫ్‌బల్దా జిల్లాలోనిది. అనగా ప్రభువు స్వంత ఖర్చులకు కేటాయించిన సర్ఫెఖాస్ భూమి. ఆ ఏర్పాటు 1949లో పోయినది. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు ఇది అందులో చేరినది. ఇప్పుడు ఈ ఊరి చుట్టును ఇంజనీరింగు కళాశాలలు బారులు తీరి యున్నవి. కాని మనకు కావలసినది కళాశాల కాదు, అరుగుమీది బడి.

ఆ బడిని చూచి వ్రాసిపెట్టినవారు ఈ ఊరికి రాలేదు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో తన రాజధాని పరిధిలోని బడులన్నిటిని లెక్కించి పంపుమని కలెక్టరుల నాజ్ఞాపించెను. ఇబ్రహీంపట్టణము కుంపెనీ ఏలుబడిలో లేదు గనుక ఆ విచారణ ఇచ్చటికి రాలేదు. అయినను అదృష్టవశమున బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ తెలుగు వచ్చినవాడు. 1816లోనే తెలుగునకు వ్యాకరణము వ్రాసినవాడు. ఆయన 1823 ఆగస్టులో పంపిన నివేదికలో అంకెలతో పాటు బడిలోని దినచర్య కూడ ఉన్నది. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందు 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు. ఇంగ్లీషు చెప్పునది ఒక్కటే.

బడి ఉదయము ఆరు గంటలకు తెరచెడివారు. అందరికన్న ముందు వచ్చినవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న, అనగా మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ. నాల్గవవానికి రెండు. అటుపిమ్మట వచ్చినవారికి ఒక్కొక్కటి చొప్పున హెచ్చును. సగటున బడికి పండ్రెండుమంది పిల్లలు గనుక కడపటివానికి పది దెబ్బలు పడును. కూడిక నేర్చుటకు ఇదియు నొక మార్గమే కాబోలు! సోమరులకు ఇంతకన్న కఠినమైన శిక్షలుండెడివి. చేతులు రెండును త్రాటితో కట్టి కప్పునకు వ్రేలాడదీయుట అందులో నొకటి. వీథిబడిని తలచి పరవశించు మన పెద్దలు ఈ భాగమును సాధారణముగా చెప్పరు.

ఐదవ తరగతి యను మాట ఆ బడికి తెలియదు. తరగతులు నాలుగు. పిల్లవాడు ఏడాది గడచినందుకు గాక, నేర్చిన దానినిబట్టి పైకి పోవును. క్రింది వరుసలవారిని పెద్ద పిల్లలు చూచుకొందురు. పై వరుసలను పంతులు చూచును. అక్షరములను మొదట నోటితో కాక వ్రేలితో, ఇసుకలో దిద్ది నేర్చుకొందురు. చేయి తిరిగిన పిమ్మట తాటియాకు, గంటము. లేదా బొగ్గుపొడి పూసిన చెక్కపలక, గంజి పెట్టి మడచి మసిపూసిన గుడ్డ కడితము. వీనిమీద బలపముతో వ్రాసి, తడిగుడ్డతో తుడిచి మరల వ్రాయుదురు. కాగితము ఖర్చు లేదు. ఈ పొదుపును, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పు పద్ధతిని క్యాంబెల్ మెచ్చుకొని, ఇంగ్లండు దీనిని అనుకరించుట తగియున్నదని వ్రాసెను. ఆ మాట నిజము. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమమునకు 1789లో అధికారియైన ఆండ్రూ బెల్ మన వీథిబడి పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, అదే పద్ధతిని తన బడిలో పెట్టి, 1797లో లండనులో దానినిగూర్చి పుస్తకము ప్రకటించెను. మద్రాసు పద్ధతి యను పేరుతో ఆ ఇసుక బల్లలు ఇంగ్లండు బీదపిల్లల బడులకు పోయినవి. ఇచ్చట మాత్రము అది వెనుకబడిన చదువని పేరు తెచ్చుకొన్నది.

దినమునకు రెండుమారులు పిల్లలందరును వరుసలుగా నిలిచి, ఒకడు చెప్పగా ఎక్కములు వల్లించెడివారు. అందు ప్రధానమైనవి భిన్నముల ఎక్కములు. ఈ లెక్క పదులతో గాక నాలుగులతో దిగును. ఒకటిలో నాల్గవ పాలు కాలు; కాలులో నాల్గవ పాలు వీసము, అనగా 16వ వంతు; వీసములో నాల్గవ పాలు కాని, అనగా 64వ వంతు. ఈ లెక్క పుస్తకములో పుట్టలేదు, సంతలో పుట్టినది. రూపాయకు కాలు పావలా, వీసము అణా, అరువదినాల్గవ వంతు కానీ. మానికకు నాలుగు సోలలు, సోలకు నాలుగు గిద్దెలు. శేరుకు పదునారు చటాకులు. బడిలో ఉదయము వల్లించిన ఎక్కము సాయంకాలము ధాన్యము కొలుచునప్పుడు పనికివచ్చెడిది. ఇబ్రహీంపట్టణపు పిల్లవానికి మరియొక చిక్కు కూడ ఉండెను. నిజాము రాజ్యములో నడచునది హాలీ సిక్కా. సరిహద్దు దాటిన బ్రిటిషు రూపాయ. ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిషు రూపాయలకు సమానము. ఏడింట ఆరు వంతుల ఎక్కము రానివాడు బెజవాడ వర్తకునితో బేరమాడలేడు.

ఇక రాత్రి చదువు. బడి విడుచునప్పుడు పంతులు ఒక పద్యమునో ఒక ఎక్కమునో చెప్పి పంపును. ఉదయము దానిని అప్పగింపవలెను. ఈ ఏర్పాటులోని సొగసు ఇది: దీనికి పుస్తకము అక్కరలేదు, పలక అక్కరలేదు, కడకు దీపము కూడ అక్కరలేదు. ఆముదము పండు ప్రాంతములో సైతము బీదయింట ప్రమిద వెలుగునది భోజనముల వేళవరకే. పిల్లవాడు చీకటిలో పడుకొని పద్యము చదువుకొనవచ్చును. అంతకన్న ముఖ్యమైనది మరియొకటి కలదు. తల్లికి అక్షరము రాకపోయినను పద్యము చెవిని పడియున్నది. సుమతీ, వేమన పద్యములు వినని ఇల్లు అరుదు. బాలుడు ఒక పాదము జారవిడిచినచో ఆమె పట్టుకొనును. ఎక్కము తప్పినచో ధాన్యము కొలుచు తండ్రి పట్టుకొనును. చదువురాని ఇల్లు కూడ ఆ చదువును పరీక్షింపగలిగెడిది.

దీనిని మేము పొగడుచున్నాము గనుక రెండవ వైపు కూడ చెప్పవలెను. పిల్లలు వందలకొలది పద్యములు వల్లింతురు గాని, చిలుకకు తెలిసినంతకన్న వారికి అర్థము తెలియదని క్యాంబెల్ వ్రాసెను. ఎవరు చదివిరో ఆయన పట్టికయే చెప్పుచున్నది. హిందూ బాలురు 6,338 మందిలో బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, ఇతర కులములవారు 1,174. బాలికలు 60 మంది మాత్రమే. జిల్లా జనాభాలో వెయ్యికి ఏడుగురైనను బడిలో లేరు. నేత పనులు సీమగుడ్డల చేత చెడి, జనులు బీదవడి, పిల్లలను పనికి పంపుచున్నారనియు, ఈ బడులలో ఒక్కదానికైనను సర్కారు సహాయము లేదనియు ఆ కలెక్టరే సిగ్గుతో ఒప్పుకొనెను. ఈ పత్రములను 1983లో ధరంపాల్ ఒక గ్రంథముగా ప్రకటించిన పిదప మన చదువుల గొప్పను చాటుటకు చాలమంది వీనిని వాడుకొనుచున్నారు. ఆ 60 అను అంకెను కూడ వారు చదువవలెను.

అచ్చు వచ్చినది. 1832 ప్రాంతమున పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్ష కూర్చెను. అది పెరిగి పెద్దబాలశిక్షయై ఇంటింటికి పోయినది. దానితో చదువు నోటినుండి కాగితముమీదికి దిగుట మొదలైనది. నిజాము రాష్ట్రములో దిగినది మరియొక భాష. రాజభాష పారసీకము పోయి ఉర్దూ వచ్చెను. 1918లో ఉర్దూ మాధ్యమముగా ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను. భారతదేశములో ఒక దేశభాషలో పై చదువులు చెప్పుట గొప్ప ప్రయత్నమే, దానిని తక్కువచేయరాదు. కాని తెలుగు పిల్లవాడు తహతానియా బడి దాటి వస్తానియాకు, ఫౌఖానియాకు పోవుకొలది పాఠము ఇంటిభాషకు దూరమయ్యెను. వాని పుస్తకమును తండ్రి చూడలేడు. వాడు వల్లించునది తల్లికి తెలియదు. వీథిబడి కూడ సుఖముగా లేదు. 1920 దశకములో ఖానగీ బడులు సర్కారు అనుమతి లేక నడుపరాదని నిబంధన వచ్చెను. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన మొదటి ఆంధ్రమహాసభ మొదలుకొని మాతృభాషలో విద్య కావలెనను కోరిక మరల మరల వినబడెను. మాడపాటి హనుమంతరావు 1928లో హైదరాబాదులో బాలికలకు తెలుగు బడి పెట్టగా, ఇచ్చటి విద్యాశాఖ గుర్తింపు దొరకక, ఆ బాలికలు కర్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయపు పరీక్షలకు కూర్చుండవలసి వచ్చెను. తమ భాషలో వ్రాసిన జవాబులు పరరాష్ట్రమునకు పోయి దిద్దబడినవి!

1948 తరువాత బడులలో తెలుగు నిలిచెను. కాని 1951 జనాభా లెక్కలలో హైదరాబాదు రాష్ట్రమున అక్షరాస్యులు నూటికి పదిమందికి మించలేదు. అప్పటికి బడి వ్రాతబడి యైనది; నోటుపుస్తకము, సిరా, ఇంటిలెక్కలు వచ్చినవి. పెక్కు ఇండ్లలో ఆ లెక్కలను చూచి ఒప్పో తప్పో చెప్పగలవారు లేరు. మా అభిప్రాయమున ఇంటిచదువు చరిత్రలో పెద్ద మార్పు ఇదే. పని హెచ్చినది, తగ్గినది అను వాదము తరువాతిది. ముందు ఆ పని ఇంటివారి చేతినుండి జారిపోయినది. చదువుకొన్నవారి పిల్లలకు ఇంటిపని చదువైనది. తక్కినవారి పిల్లలకు మరునాటి దెబ్బలైనది.

1957 ఏప్రిల్ 1వ తేదీన నయాపైసలు వచ్చినవి. ఆ ఏడాది లెక్కల పంతుళ్ల అవస్థ చెప్పనలవి కాదు. అణాకు ఆరుంబావు నయాపైసలు; ఆ పావు ఎవరిదో తేల్చుట కష్టము. కొలతలును, తూనికలును వెంటవెంట మారినవి. కాలు, వీసము, కాని ఎక్కములు వల్లించుటకు ఇక కారణము లేకపోయెను. వాని గుర్తులను 2008లో యూనికోడ్ వారు కంప్యూటరు లిపిలో చేర్చిరి. అవి ఇప్పుడు యంత్రమునకు తెలియును.

అటుపిమ్మటి కథ శ్రోతలకు తెలిసినదే గనుక త్వరగా ముగింతుము. 1989లో రచయిత ఆర్. కె. నారాయణ్ రాజ్యసభలో పిల్లల వీపుమీది పుస్తకముల బరువునుగూర్చి మాటలాడెను. ఆ వెనుక యశ్‌పాల్ సంఘము 1993లో బరువులేని చదువునుగూర్చి నివేదిక నిచ్చెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము దెబ్బలను నిషేధించెను. వెనుక వచ్చినవానికి అరచేతిలో పడునది ఇక ఏదియు లేదు. 2020 నాటి కేంద్ర బడిసంచి విధానము రెండవ తరగతి వరకు ఇంటిపని వలదనియు, మూడు మొదలు ఐదు వరకు వారమునకు రెండు గంటలు మించరాదనియు చెప్పినది. దినమునకు కాదు, వారమునకు. ఈ మాట ఎన్ని ఇండ్లకు చేరినదో శ్రోతలే చెప్పగలరు.

ఆ 2020లోనే, బడులు మూతపడినందున, సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణలో మూడు మొదలు పది తరగతుల పాఠములు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా ఇండ్లకు వచ్చినవి. చెవికి చెప్పుటయే వృత్తిగా గల మాకు అందొక విషయము ఆసక్తి కలిగించినది. పాఠము ఇంటి నడుమ పలుకుచుండగా వంటయింటిలోని తల్లి, అరుగుమీది తాత వద్దన్నను వినుచుండిరి. చాల కాలమునకు పాఠము మరల ఇంటిల్లిపాది చెవిని పడినది. రెండేండ్ల పిమ్మట, 2022 విద్యాసంవత్సరమున, రాష్ట్రపు సర్కారు బడులలో ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టి, పాఠ్యపుస్తకములను రెండు భాషలలో ముద్రించిరి. ఐదవ తరగతి పుస్తకము తెరచినచో ఒక పుటలో ఇంగ్లీషు, దాని ఎదుటి పుటలో తెలుగు. ఇంగ్లీషు పుట పరీక్షకు. తెలుగు పుట మాత్రము, ఎవరుద్దేశించినను ఉద్దేశింపకున్నను, ఇంటిలో ప్రక్కన కూర్చుండువారికి కూడ ఉపయోగించుచున్నది.

నోటుపుస్తకముల వెనుక అట్టమీద ఎక్కముల పట్టిక నేటికిని అచ్చగుచున్నది. అందు వీసములు లేవు.