గుత్తేదారుల నమోదు

ప్రభుత్వ నిర్మాణ పనులకు టెండరు వేయదలచిన వ్యక్తి లేదా సంస్థ అర్హతలను ముందుగా పరిశీలించి, తగిన తరగతిలో పేరు చేర్చుకొనే ప్రక్రియను గుత్తేదారుల నమోదు లేదా కాంట్రాక్టరు రిజిస్ట్రేషన్ అంటారు. రహదారులు, వంతెనలు, కాలువలు, పాఠశాల భవనాలు మొదలైన పనులను సమర్థులకే అప్పగించి ప్రజాధనాన్ని కాపాడడం దీని ఉద్దేశము. భారతదేశంలో దీనికి ఒకే జాతీయ పట్టిక లేదు. కేంద్ర ప్రజాపనుల శాఖ, రైల్వేలు, రాష్ట్ర ప్రభుత్వ శాఖలు వేర్వేరు నియమాలను పాటిస్తాయి.

తరగతులు

గుత్తేదారులను వారి ఆర్థిక స్తోమతు, అనుభవాలను బట్టి తరగతులుగా విభజిస్తారు. ప్రతి తరగతికి ఒక ధనపరిమితి ఉంటుంది. ఆ పరిమితిని మించిన పనికి ఆ తరగతివారు టెండరు వేయరాదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేక తరగతి, దాని క్రింద సంఖ్యలతో సూచించే తరగతులు వాడుకలో ఉన్నాయి. పెద్ద తరగతుల నమోదు పై స్థాయి ఇంజనీర్ల వద్ద, చిన్న తరగతుల నమోదు క్రింది స్థాయి ఇంజనీర్ల వద్ద జరుగుతుంది. సివిల్ పనులకు, విద్యుత్ పనులకు నమోదు వేర్వేరుగా ఉంటుంది.

పరిశీలించే అంశాలు

* గతంలో పూర్తిచేసిన పనులకు సంబంధిత ఇంజనీరు ఇచ్చిన అనుభవ ధ్రువపత్రము
* ఆర్థిక స్తోమతును తెలిపే సాల్వెన్సీ ధ్రువపత్రము
* ఆదాయపు పన్ను పాన్ సంఖ్య, 2017 జూలై 1 నుండి అమలులోనున్న జీఎస్టీ నమోదు
* సాంకేతిక సిబ్బంది, యంత్రసామగ్రి వివరాలు
* నల్లజాబితాలో (బ్లాక్‌లిస్టులో) పేరు లేకపోవడం
* పనిని పర్యవేక్షించే అధికారులతో దగ్గరి బంధుత్వం ఉంటే దాని వెల్లడి

నమోదు, టెండరు అర్హత

నమోదైనంత మాత్రాన పని దక్కదు. అది మొదటి జల్లెడ మాత్రమే. పెద్ద పనులకు టెండరు సమయంలో గుత్తేదారు చేయగల పని విలువను మరల లెక్కిస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ టెండర్లలో ఇందుకు '2ఏఎన్ - బి' అనే సూత్రాన్ని వాడారు. ఇందులో 'ఏ' గత ఐదేళ్ళలో ఏదో ఒక ఏడాది చేసిన పనుల గరిష్ఠ విలువ, 'ఎన్' కొత్త పనికిచ్చిన గడువు (సంవత్సరాలలో), 'బి' ఆ గడువులో చేయవలసిన చేతిలోని పనుల విలువ. ఉదాహరణకు 'ఏ' 4 కోట్ల రూపాయలు, 'ఎన్' ఒకటిన్నర సంవత్సరము, 'బి' 7 కోట్లు అయితే, 12 నుండి 7 తీసివేయగా 5 కోట్ల రూపాయల పనికి మాత్రమే అతడు అర్హుడు. ఒప్పుకున్న పనులు పూర్తికాకుండానే కొత్తవి తీసుకొని అన్నిటినీ సగంలో వదిలివేయకుండా ఈ లెక్క అడ్డుపడుతుంది.

నల్లజాబితా, న్యాయస్థానాల తీర్పులు

నాసిరకం పని, తప్పుడు ధ్రువపత్రాలు, పనిని మధ్యలో వదిలివేయడం వంటి కారణాలపై నమోదును రద్దుచేసి, గుత్తేదారును నల్లజాబితాలో చేర్చవచ్చును. ప్రభుత్వ పనులే జీవనాధారమైనవారికి ఇది పెద్ద దెబ్బ. అందువలన సుప్రీంకోర్టు ఈ అధికారానికి కొన్ని హద్దులు విధించింది.

ఎరూసియన్ ఎక్విప్‌మెంట్ కేసులో (1974), వాదన వినిపించే అవకాశం ఇవ్వకుండా ఎవరినీ నల్లజాబితాలో చేర్చరాదని తీర్పు చెప్పింది. కుల్జా ఇండస్ట్రీస్ కేసులో (2013) నిషేధ కాలం తప్పు తీవ్రతకు తగినట్లుండాలని, గూర్ఖా సెక్యూరిటీ సర్వీసెస్ కేసులో (2014) నల్లజాబితాలో చేర్చే ఉద్దేశము సంజాయిషీ నోటీసులోనే తెలియాలని పేర్కొన్నది.

అర్హత నియమాలు ప్రభుత్వాన్ని కూడా బంధిస్తాయి. రమణ దయారాం శెట్టి కేసు (1979) నిర్మాణ పనికి సంబంధించినది కాదు, బొంబాయి విమానాశ్రయంలోని భోజనశాల టెండరుకు సంబంధించినది. అయినను అందులోని సూత్రం టెండర్లన్నిటికీ వర్తిస్తుంది. తాను ప్రకటించిన అర్హతను తానే ప్రక్కనపెట్టి, అది లేనివారికి పని ఇవ్వడం చెల్లదని కోర్టు తేల్చింది. ఆ అర్హత లేదని తలచి టెండరు వేయకుండా ఆగిపోయిన ఇతరులకు అది అన్యాయమవుతుంది.

కార్మిక చట్టాల క్రింద లైసెన్సు

శాఖ వద్ద నమోదు వేరు, కార్మిక శాఖ ఇచ్చే లైసెన్సు వేరు. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ప్రకారం 20 మంది లేదా అంతకు మించి కార్మికులున్న గుత్తేదారు లైసెన్సు పొందవలసి ఉండేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి (2020) ఈ సంఖ్యను 50కి పెంచినది. గుత్తేదారు కూలి చెల్లించనిచో ప్రధాన యజమాని చెల్లించవలెనన్న బాధ్యత కొత్త స్మృతిలోనూ ఉన్నది.

విమర్శలు

అనుభవం లేనిదే నమోదు లేదు, నమోదు లేనిదే అనుభవం రాదు అన్నది కొత్తవారి ప్రధానమైన ఇబ్బంది. తక్కువ అర్హతలతో చేరగల చిన్న తరగతులు దీనిని కొంత తీరుస్తాయి. ఒకరి నమోదుపై మరొకరు పని చేసే బినామీ పద్ధతి మరొక లోపము. ఇందులో అర్హత పరిశీలించినది ఒకరిదైతే, పని చేసేది మరొకరు. దీనివలన నమోదు ఉద్దేశమే దెబ్బతింటుంది.