ఇప్పపూలు, చిగురుపన్ను

మార్చి నెలలో ఆవపల్లి చుట్టుపక్కల అడవికి తెల్లవారకముందే మెలకువ వస్తుంది. రాత్రంతా రాలిన ఇప్పపూలు చెట్టు కింద తడితడిగా, లేత పసుపు రంగులో పరుచుకుని ఉంటాయి. ఎలుగుబంటి రాకముందే ఏరుకోవాలని పిల్లలతో సహా ఇల్లంతా బుట్టలు పట్టుకుని బయల్దేరుతుంది. ఎండబెట్టిన పువ్వులో కొంత సంతకు పోతుంది, కొంత తిండికి మిగులుతుంది, కొంత కుండలో నానుతుంది. నాలుగైదు రోజులు పులిసిన ఆ నీటిని పొయ్యి మీద కాచి, ఆవిరిని చల్లబరచి పట్టిన బొట్లే ఇప్పసారా.

ఆవపల్లి ఇవాళ ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా, ఉసూరు బ్లాకులో ఉంది. బీజాపూర్ నుంచి బాసగూడ పోయే దారి మీది ఊరు. దోర్లీ, గోండీ, తెలుగు ఇక్కడ ఒకే సంతలో కలిసి వినిపిస్తాయి. దక్షిణాన కొండలు దాటితే మన చర్ల. మిరపకాయ ఏరే కాలంలో ఆవపల్లి వైపు కుటుంబాలు గోదావరి తీరపు చేలకు కూలికి వస్తాయి. వాళ్ల సారా గురించి మనవైపు మాట్లాడేటప్పుడు ‘తాగుబోతులు’ అనే ఒక్క మాట చాలనుకుంటాం. ఆ మాట వెనక నూటయాభై ఏళ్ల కథ ఉంది. అది చెప్పకుండా ఆ మాట అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఈ ఊళ్లలో సారా మొదట వేల్పుకు, తర్వాత చచ్చిపోయిన పెద్దలకు, ఆ తర్వాతే మనుషులకు. ఆకుదొప్ప ఎత్తగానే నాలుగు చుక్కలు నేల మీద విదిలిస్తారు. పెళ్లి మాటలకు సారా కుండ వెళ్లాలి. చావు ఇంటికి వెళ్లాలి. తప్పు చేసినవాడు కట్టిన దండుగతో కులమంతా కలిసి తాగితే తగవు తీరినట్టు. జీలుగు కల్లుకీ, తాటికల్లుకీ ఇదే మర్యాద. మత్తు ఉంది, దానికో వేళ ఉంది, చుట్టూ పదిమంది కళ్లు ఉన్నాయి.

దొరతనం వచ్చి ఆ కుండను ఖజానా లెక్కలో కలిపింది. గోదావరి ఏజెన్సీలోని రంపలో ఏం జరిగిందో చూడండి. ఇంట్లో తాగడానికి కూడా సొంతంగా కల్లు గీసుకోకూడదన్నారు. గీత హక్కును కాంట్రాక్టర్లకు వేలం వేశారు. వాళ్లు కొండరెడ్ల దగ్గరా కోయల దగ్గరా వసూలు చేసినదే చిగురుపన్ను. దాని మీద తన వాటాగా మొదలుపన్ను కావాలని రంప మన్సబ్‌దారు పట్టుబట్టాడు. చెట్టు చిగురుకు ఒకడు, మొదలుకు ఒకడు. 1879 మార్చిలో చోడవరం దగ్గర పోలీసుల మీద తిరుగుబాటు లేచి, భద్రాచలం తాలూకాకూ విశాఖ మన్యంలోని గొలుగొండకూ పాకింది. ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్ రెడ్డి, తమ్మన్నదొర వంటి నాయకుల పేర్లు ఆ కాలపు రికార్డుల్లో ఉన్నాయి. అణచడానికి ఏడాదికి పైగా పట్టింది. కారణాలు ఇంకా ఉన్నాయి, పోలీసుల దోపిడీ, వడ్డీ వ్యాపారుల కోర్టు కేసులు. కానీ కొండవాడి కోపానికి నిప్పు అంటించింది తాటిచెట్టు మీది పన్ను.

ఆవపల్లి ఉన్న బస్తర్ సంస్థానంలో ఇదే సంగతి 1910లో పేలింది. దివాన్ పండా బైజ్‌నాథ్ కాలంలో అడవులు రిజర్వు అయ్యాయి, వెట్టి పెరిగింది, ఇంట్లో సారా కాయడం నేరమై అమ్మే హక్కు బయటివాళ్ల చేతికి పోయింది. మామిడి కొమ్మ, మట్టిబెడ్డ, మిరపకాయ, బాణం ఊరి నుంచి ఊరికి కబురుగా నడిచాయి. ఫిబ్రవరిలో మొదటగా దోచింది పుష్పాల్ సంతను. ‘భూమ్‌కాల్’ అని పిలిచే ఆ తిరుగుబాటుకు గుండాధుర్ పేరు నిలిచిపోయింది.

జపాన్‌లోనూ ఇలాంటి కథే ఉందని తెలిసినప్పుడు నేను ఆశ్చర్యపోయాను. అక్కడి రైతులు ఇంట్లో బియ్యంతో దొబురోకు అనే మడ్డి మద్యం చేసుకునేవారు. 1899లో మెయిజీ ప్రభుత్వం దాన్ని పూర్తిగా నిషేధించింది. ఆ ఏడాదే మద్యం పన్ను భూమిశిస్తును దాటి దేశంలో అతిపెద్ద పన్ను అయింది. గుళ్లలో దేవుడికి బియ్యపు మద్యం సాకే పోసే దేశం, రైతు ఇంటి కుండను నేరం చేసింది.

మిగతా మత్తుల విషయంలో ఆ దేశం ఎంత కఠినమో అందరికీ తెలుసు. గంజాయితో పట్టుబడిన నటుడి సినిమాలు మాయమవుతాయి, ఇంటివాళ్లు తలెత్తుకోలేరు. అయితే అక్కడ జనపనార షింతో పూజల్లో ఉంది, సుమో యోకొజునా నడుముకు కట్టే తాడులో ఉంది. ఆ మొక్కపై చట్టం 1948లో, అమెరికా ఆక్రమణ కాలంలో వచ్చింది. వాడడమే నేరమైంది 2024 డిసెంబరులో. ఇక ‘హిరోపోన్’ అనే మెథాంఫెటమిన్ మాత్రలు 1941 నుంచి మామూలు మందులా అమ్మారు. యుద్ధంలో సైనికులకూ ఫ్యాక్టరీ కూలీలకూ ఇచ్చారు. యుద్ధం ముగిశాక నిల్వలు బజారుకెక్కి, వేలమంది బానిసలయ్యారు. 1951లో చట్టం చేశారు, 1954 ఒక్క ఏడాదే 55 వేలకు పైగా అరెస్టులు. జపాన్ వాడి నేటి భయం పురాతన సంస్కారమేమీ కాదు, అందులో సగం ఈ గాయం నుంచి పుట్టింది.

సారా వల్ల బస్తర్‌కు చేటు జరగలేదని నేను అనను. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ ఇక్కడి మారియా ఆదివాసీల నూరు హత్య కేసులు పరిశీలించి 1943లో అచ్చువేసిన పుస్తకంలో తాగిన మైకాన్నీ ఒక కారణంగా చూపాడు. అల్లూరి సీతారామరాజు 1922 తిరుగుబాటుకు ముందే మన్యంలో తాగుడు మానమనీ, తగవులు పంచాయతీల్లో తీర్చుకోమనీ చెప్పాడు. ఆ మాట విన్నారు, ఎందుకంటే చెప్పినవాడు వాళ్లలో కలిసి తిరిగాడు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా దుకాణాన్ని ఎత్తివేయించినప్పుడూ అంతే, తన్నులు తిన్నవాళ్లే లేచారు. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్ అంతటా సారా ఆగింది.

ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసీలు సొంత వాడకానికి 5 లీటర్ల వరకు సారా ఉంచుకోవచ్చని ఎక్సైజ్ నిబంధన ఉంది. 1996 పెసా చట్టం మత్తు పదార్థాలను నిషేధించే, అదుపు చేసే అధికారాన్ని గ్రామసభకు, పంచాయతీకి దక్కేలా చేయమంది. రాష్ట్రం దాని నియమాలు రాసుకునేసరికి 2022 వచ్చింది. ఈ మధ్యలో ఉసూరు వైపు ఊళ్లు మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుం కాలంలో ఖాళీ అయ్యాయి, ఎంతోమంది గోదావరి దాటి వెళ్లారు. గ్రామసభ కూర్చోవడానికి ముందు గ్రామం ఉండాలి కదా. వెళ్లినవాళ్లలో కొందరు తిరిగి వచ్చి, పాత ఇప్పచెట్ల కింద రాలుటాకులు ఊడ్చి, ఏ చెట్టు ఎవరిదో మళ్లీ గుర్తు చేసుకుంటున్నారు.