గాజు గొట్టం చెప్పిన అంకె: బీరు పులియుటను కొలిచిన చరిత్ర



గత మాసంలో అమెరికాలో నివసిస్తున్న మా అక్కయ్య మనుమడు నాకొక ఛాయాచిత్రం పంపాడు. తొలిసారిగా ఇంట్లో బీరు కాచుకున్నాడట. పొడవాటి గాజు పాత్రలో తేలుతున్న హైడ్రోమీటరు 1.020 వద్ద నిలిచి ఉన్నది. "తాతయ్యా, వారమైంది, బుడగలు ఆగిపోయాయి. ఇక సీసాల్లో పోసి మూతలు బిగించవచ్చా?" అని ప్రశ్న. మద్యం విషయంలో నా అభిప్రాయం అతడెరుగును. నిరపాయమనదగిన మోతాదేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగానే ప్రకటించింది. అయినను, అడిగినదానికి బదులీయకుండా ఉపదేశం చేసి ఊరుకుంటే ప్రమాదం అతని కళ్లకూ చేతులకూ వాటిల్లుతుంది.

ఆ గాజు గొట్టం మీకు అపరిచితమైనది కాదు. పాలకేంద్రంలోని లాక్టోమీటరు దాని తోబుట్టువే. మా విద్యార్థి దశలో మూత్రపరీక్షకు వాడిన యూరినోమీటరు కూడా అదే. నీటి విశిష్ట గురుత్వం 1.000. ద్రవంలో పదార్థాలు ఎక్కువగా కరిగినకొద్దీ గొట్టం పైకి తేలుతుంది. మూత్రపిండాలు తీవ్రంగా దెబ్బతిన్న రోగిలో ఎన్నిసార్లు పరీక్షించినా అంకె 1.010 దగ్గరే కదలక నిలిచేది; దానిని చూడగానే మా మనసు క్రుంగేది. చిత్రమేమనగా, సాధారణమైన బీరు పులిసి ముగిసే అంకె కూడా ఇంచుమించు అదే. అక్కడ మాత్రం అది నిశ్చింతకు గుర్తు.

ఈ పరికరం ప్రాచీనమైనది. అయిదవ శతాబ్ది తొలినాళ్లలో సినీసియస్ అనే పండితుడు అలెగ్జాండ్రియాలోని హైపేషియాకు లేఖ వ్రాసి, ఇటువంటి గొట్టమొకటి చేయించి పంపమని కోరాడు. 1675లో రాబర్ట్ బాయిల్ దీనిని మరల వర్ణించాడు. అయినను బీరు కాచేవారు చాలాకాలం నాలుకనూ అనుభవాన్నీ మాత్రమే నమ్ముకున్నారు. 1770 ప్రాంతంలో ఇంగ్లండులోని ఆల్టన్ పట్టణంలో జేమ్స్ బావర్‌స్టాక్ అనే యువకుడు తండ్రికి ఇష్టం లేకపోవడంతో చాటుమాటుగా హైడ్రోమీటరు వాడవలసివచ్చింది. లండన్‌లో ప్రఖ్యాతుడైన శామ్యూల్ విట్‌బ్రెడ్‌కు చూపితే ఆయనా కొట్టిపారేశాడు. హెన్రీ త్రేల్ ఒక్కడు ఆదరించాడు. కొత్త పరికరం తెచ్చిన చిన్నవాడిని పెద్దలు మందలించడం మా వృత్తిలోనూ చూసినదే!

1784లో జాన్ రిచర్డ్‌సన్ ప్రచురించిన గ్రంథం ఆ వ్యాపారాన్నే కదిలించింది. చౌకగా దొరికే గోధుమవర్ణపు మాల్టుకన్న, ధర ఎక్కువైన లేతరంగు మాల్టే చక్కెరను ఎంతో ఎక్కువగా ఇస్తుందని గొట్టం తేల్చింది. లెక్క వేసుకున్నవారు లేత మాల్టుకు మారారు. నల్లని పోర్టరు బీరుకు రంగు కరవైంది. 1817లో డేనియల్ వీలర్ మాల్టును కాఫీగింజలవలె మాడ్చే పద్ధతికి పేటెంటు పొందేవరకు ఆ చిక్కు తీరలేదు.

అయితే చివర మిగిలే అంకెకు అర్థమేమి? ఈస్టు చక్కెరను తిని ఆల్కహాలునూ బొగ్గుపులుసు వాయువునూ విడుస్తుంది. చక్కెర తగ్గుతుంది, నీటికన్న తేలికైన ఆల్కహాలు పెరుగుతుంది. రెండు కారణాల చేతనూ గొట్టం దిగుతుంది. అందుచేత కంటికి కనిపించే అంకె మిగిలిన పదార్థాన్ని ఉన్నదానికన్న తక్కువగా చూపుతుంది. ఈ భేదాన్ని ప్రేగ్ నగరంలో కార్ల్ బాలింగ్ 1840ల దశకంలో లెక్కలతో తేల్చాడు. ఈస్టు అరిగించుకోలేని డెక్స్‌ట్రిన్లు మిగిలిపోతాయి గనుక అంకె సాధారణంగా 1.000కు చేరదు. మొదట 1.050, చివర 1.010 ఉంటే ఆల్కహాలు సుమారు 5 శాతం. లూయీ పాశ్చర్ 1876లో బీరుపై గ్రంథం వెలువరించి, చెడిపోవడానికి ఇతర సూక్ష్మజీవులే కారణమన్నాడు. 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ ఒకే కణం నుండి శుద్ధమైన ఈస్టును పెంచాడు. (మనం రోజూ వాడే పీహెచ్ కొలమానం కూడా 1909లో అక్కడే పుట్టింది.)

ఇక మావాడి ప్రశ్న. బుడగలు ఆగినంతమాత్రాన పులియడం ముగిసినట్లు కాదు. చలికి ఈస్టు మందగించి ఉండవచ్చు. లీటరులో 10 గ్రాముల చక్కెర మిగిలి సీసాలో పులిస్తే సుమారు 5 గ్రాముల వాయువు పుడుతుంది. స్వేచ్ఛగా వదిలితే అది రెండున్నర లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. బిరడా బిగించిన సీసాలో ఎక్కడికి పోగలదు? బీరులో అప్పటికే కరిగి ఉన్నదీ, నురుగుకోసం కలిపే చక్కెర వలన పుట్టేదీ దీనికి అదనం. సీసా పగిలి గాజుముక్కలు కంటికి తగలవచ్చు. కనుక రెండు మూడు రోజుల ఎడంతో కొలిచినా అంకె మారకపోతేనే సీసాలకు ఎత్తాలి. కొలిచే ముందు ద్రవాన్ని పరికరంపై వ్రాసిన ఉష్ణోగ్రతకు తేవాలి. వేడిగా ఉంటే అంకె తప్పుతుంది.

అమెరికాలో 1978లో చేసిన ఫెడరల్ చట్టం వలన అతడు చేసినది నేరం కాదు. మన రాష్ట్రాలలో అనుమతి లేకుండా మద్యం తయారుచేయడం నేరమే. ఇది చదివి ఎవరూ ప్రయత్నించవద్దు.

పాత్రను నేలమాళిగ నుండి వెచ్చని గదిలోకి మార్చమన్నాను. నాలుగు రోజులకు 1.014 అని కబురు వచ్చింది. మరో మూడు రోజులకు 1.011. ఆపై రెండుసార్లు కొలిచినా అదే.