ఉమ్మనీరు పోతే ఏం చేయాలి? పావగడ తాలూకా కుటుంబాలు ముందే సిద్ధం చేసుకోవలసినవి

మన పావగడ తాలూకా కర్ణాటకలో, తుమకూరు జిల్లాలో ఉన్నా దాదాపు చుట్టూ ఆంధ్రప్రదేశే. మన కోడళ్ళు మడకశిర, హిందూపురం, పెనుకొండ, కళ్యాణదుర్గం వైపు నుంచి వస్తారు. మన ఆడపిల్లలు అటు పోతారు. తొలికాన్పు పుట్టింట్లో జరగాలన్నది ఆచారం. అందువల్ల ఒక రాష్ట్రంలో నెలనెలా చూపించుకున్న పిల్ల ఇంకో రాష్ట్రంలో కనడం మన ఇళ్ళల్లో మామూలు విషయం. ఇటువంటప్పుడు నొప్పులకంటే ముందు ఉమ్మనీరు పోతే ఇంట్లో అందరికీ గాభరా. లేదా అంతకంటే ప్రమాదంగా, ఎవరికీ గాభరా ఉండదు.

రెండోది మా ఇంట్లోనే జరిగింది. మా పెద్దమ్మాయి తొలికాన్పుకు వచ్చి ఉండగా ఒక రాత్రి పదిన్నరకు నీరు పోయింది. నొప్పులు లేవు. "నొప్పులు రానీ, తెల్లారి పోదాం" అనుకున్నాం. తెల్లారితే అమావాస్య, ఆ పూట దాటనీ అన్నారు పెద్దవాళ్ళు. ఆసుపత్రి చేరేసరికి మధ్యాహ్నం రెండు. అప్పటికే అమ్మాయికి జ్వరం. బిడ్డను పది రోజులు సూదిమందులతో ఉంచుకున్నారు. ఈ రోజు ఆ మనవడు బడికి పోతున్నాడు, దేవుడి దయ. ఆలస్యం మాత్రం పూర్తిగా మాదే. ఇంకో ఇంట్లో అట్లా జరగకూడదని ఇది రాస్తున్నాం.

ఉమ్మనీరు అంటే ఏమిటి

కడుపులో బిడ్డ ఒక పలచని సంచిలో, నీటిలో ఉంటుంది. నెలలు నిండేసరికి ఆ నీరు సుమారు అర లీటరు నుంచి ముప్పావు లీటరు ఉంటుంది. చాలామందికి నొప్పులు మొదలైన తర్వాతే సంచి పగులుతుంది. నెలలు నిండిన 100 మందిలో 8 నుంచి 10 మందికి మాత్రం నొప్పులకంటే ముందే నీరు పోతుంది. వీళ్ళలో సగానికి పైగా ఆడవాళ్ళకు ఒక రోజులోపల నొప్పులు వాటంతటవే వస్తాయి.

అయితే ఆసుపత్రికి పోవడం ఎందుకు అంటారా? ఆ సంచి బిడ్డకు కాపు. అది పగిలిన తర్వాత కింది నుంచి క్రిములు పైకి పోవడానికి దారి ఏర్పడుతుంది. గంటలు గడిచేకొద్దీ తల్లికీ బిడ్డకూ చీము, జ్వరం వచ్చే అవకాశం పెరుగుతుంది. నొప్పుల కోసం ఆగాలా, మందు పెట్టి రప్పించాలా, యాంటీబయాటిక్ ఇవ్వాలా అన్నది డాక్టరు చూసి చెప్పాలి. ఇంట్లో కూర్చుని మనం తేల్చేది కాదు.

"నీళ్ళన్నీ పోతే బిడ్డ ఎండిపోతుంది" అని ముసలమ్మలు భయపెడతారు. ఒంట్లో నీరు ఊరుతూనే ఉంటుంది. అందుకే అది ఆగకుండా కారుతూ ఉంటుంది.

ఉమ్మనీరా, మూత్రమా?

సినిమాల్లో చూపినట్టు అందరికీ బిందె ఒలికినట్టు పోదు. కొందరికి చెమ్మ చెమ్మగా కారుతుంది. మూత్రమే అనుకుని రెండు రోజులు ఊరుకున్నవాళ్ళూ ఉన్నారు. అనుమానమైతే మూత్రానికి పోయి వచ్చి, పొడి ప్యాడు పెట్టుకుని అరగంట పడుకోవాలి. లేచి నిలబడగానే మళ్ళీ తడిస్తే ఉమ్మనీరే అనుకోవాలి. మూత్రం వాసన వేరు, పట్టి ఆపుకోవచ్చు. ఉమ్మనీరు ఆపుకుంటే ఆగదు. అనుమానం తీరకపోతే ఆసుపత్రిలో చూపించుకోవడమే మంచిది. ఊరికే వచ్చారని ఎవరన్నా అనుకున్నా పరవాలేదు.

నీరు పోయిన వెంటనే

గడియారం చూసి టైము రాసుకోండి. ఆసుపత్రిలో మొదట అడిగేది అదే. తర్వాత నాలుగు విషయాలు గమనించండి: ఎంత పోయింది, ఏ రంగు, వాసన ఉందా, బిడ్డ కదులుతోందా. మామూలు ఉమ్మనీరు నీళ్ళలాగా గాని, లేత పసుపుగా గాని ఉంటుంది. కొంచెం గులాబీ చార ఉన్నా భయం లేదు. శుభ్రమైన ప్యాడు గాని, ఉతికి ఎండలో ఆరేసిన నూలుగుడ్డ గాని పెట్టుకోవాలి. మార్చిన ప్యాడును కవరులో వేసి వెంట తీసుకుపోతే నర్సమ్మ చూస్తుంది.

తొమ్మిదో నెల నిండి, నీరు తేటగా ఉండి, బిడ్డ కదులుతుంటే పరుగులు అక్కరలేదు. ఒకటి రెండు గంటల్లో ఆసుపత్రి చేరితే చాలు. నొప్పులు లేవని మాత్రం ఆగవద్దు.

ఒక్క నిమిషం కూడా ఆగకూడనివి

నీరు పచ్చగా, ఆకుపసరులాగా గాని, గోధుమ రంగుగా గాని ఉంటే బిడ్డ లోపలే దొడ్డికి పోయిందని అర్థం. ఎర్రటి రక్తం పోవడం, జ్వరం, చలి, నీటికి చెడు వాసన, బిడ్డ కదలిక తగ్గడం, ఇవన్నీ అత్యవసరాలే. ముందు కాన్పు సిజేరియన్ అయినవాళ్ళు, కవలలున్నవాళ్ళు, బిడ్డ అడ్డం గాని ఎదురుకాళ్ళు గాని ఉందని స్కానులో చెప్పినవాళ్ళు కూడా వెంటనే బయలుదేరాలి.

37 వారాలు నిండకముందే నీరు పోతే సంగతి వేరు. నెలలు తక్కువైన బిడ్డకు ఊపిరితిత్తులు గట్టిపడి ఉండవు. అందుకు తల్లికి ముందుగా ఇచ్చే ఇంజెక్షన్ ఉంది. అది పని చేయడానికి టైము కావాలి కాబట్టి ఎంత తొందరగా చేరితే అంత మేలు. చిన్నపిల్లల ప్రత్యేక విభాగం ఉన్న పెద్ద ఆసుపత్రికి పంపుతామంటే ఎదురు చెప్పవద్దు.

అరుదుగా నీటితోపాటు బొడ్డుతాడు బయటికి జారుతుంది. దాన్ని లోపలికి తోయకూడదు, ఊరికే ముట్టుకోకూడదు. పిల్లను మోకాళ్ళు, మోచేతుల మీద వంచి, తల కిందికి, నడుము పైకి ఉండేటట్టు ఉంచి 108 పిలవాలి. బండిలో ఎడమ పక్కకు పడుకోబెట్టి నడుము కింద దిండ్లు పెట్టాలి.

చేయకూడనివి

లోపల వేలు పెట్టి చూడడం, గుడ్డ లోపలికి పెట్టడం, నొప్పులు రావాలని ఆముదం తాగించడం, భార్యాభర్తల కలయిక, ఇవేవీ వద్దు. రాహుకాలం, అమావాస్య చూసి ఆగడం వద్దు. ద్విచక్ర వాహనం మీద కూర్చోబెట్టుకుని పోవడం వద్దు.

ఏ ఆసుపత్రి, ఏ దారి

ఈ మాట మగవాళ్ళకు. మా తరంలో కాన్పు విషయం ఆడవాళ్ళదని పక్కకు తప్పుకున్నాం. బండి, దారి, కాగితాలు చూసేది మనమే కాబట్టి ఎనిమిదో నెలలోనే కూర్చుని తేల్చుకోవాలి.

పావగడ నుంచి తుమకూరు సుమారు 100 కిలోమీటర్లు. హిందూపురం అంతకంటే దగ్గర. మొదట ఏ ఆసుపత్రి, అక్కడ కాదంటే ఎక్కడికి అన్నది చూపించుకునే డాక్టరును, ఆశా కార్యకర్తను అడిగి రాసిపెట్టుకోండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. బిడ్డ తల కిందికి ఉందా, రక్తం శాతం ఎంత అన్నది ఆ రోజే అడగండి.

108 రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే నంబరు. కాని సరిహద్దు ఊళ్ళో ఫోను పక్క రాష్ట్రం టవరు పట్టుకుంటే పిలుపు అటు పోవచ్చు. అందుకే మొదట రాష్ట్రం, జిల్లా, తాలూకా లేదా మండలం చెప్పి, ఆ తర్వాత ఊరు, గుర్తు చెప్పండి. బండి ఆలస్యమైతే రాత్రిపూట కూడా వచ్చే ఇద్దరు కారు డ్రైవర్ల నంబర్లు గోడమీద రాసి ఉంచండి.

2011 జూన్ 1 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రాకపోకల బండి అన్నీ ఉచితం. ఖర్చుకు భయపడి ఆలస్యం చేయనక్కరలేదు.

కన్నడంలో చెప్పవలసిన మాటలు

మనకు కన్నడం వచ్చు. ఆంధ్ర నుంచి కొత్తగా వచ్చిన కోడలికి రాకపోవచ్చు, ఇంట్లో ఆమె ఒక్కతే ఉండవచ్చు. ఇవి నేర్పించండి:

నీరు హోగిదె: ఉమ్మనీరు పోయింది.
హెరిగె నోవు ఇన్నూ బందిల్ల: నొప్పులు ఇంకా రాలేదు.
నీరు హసిరాగిదె: నీరు పచ్చగా ఉంది.
రక్త హోగ్తా ఇదె: రక్తం పోతోంది.
మగు అలుగాడ్తా ఇల్ల: బిడ్డ కదలడం లేదు.

సంచిలో పెట్టవలసినవి

ఎనిమిదో నెల దాటేసరికి సంచి కట్టి తలుపు దగ్గర పెట్టండి. ఒక కవరులో తాయి కార్డు, ఆంధ్రలో చూపించుకుని ఉంటే అక్కడి తల్లీబిడ్డ కార్డు, స్కాను రిపోర్టులు, రక్తం గ్రూపు కాగితం, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం జిరాక్సులతో సహా ఉండాలి. కార్డు మొదటి పేజీని ఫోనులో ఫొటో తీసి ఇంకొకరికి పంపండి. పుట్టింటికి పోయే పిల్ల కాగితాలు అత్తగారింట్లో మర్చిపోవడం మనం తరచూ చూసేదే.

మూడు నూలు నైటీలు లేదా చీరలు, పెద్ద ప్యాడ్లు, బండిలో పరచడానికి ప్లాస్టిక్ షీటు, తువ్వాళ్ళు, బిడ్డకు ఉతికి ఎండబెట్టిన మెత్తటి గుడ్డలు, టోపీ, ఫ్లాస్కు, గ్లాసు, ఫోను చార్జరు, కొంత చిల్లర డబ్బు చాలు. రక్తం ఇవ్వగల ఇద్దరి పేర్లు కూడా కవరు మీద రాయండి.

ఇంట్లో నెలలు నిండిన పిల్ల ఉంటే ఈ సాయంత్రమే అందరూ కూర్చుని ఇది ఒకసారి చదవండి. రాత్రిపూట బండి దొరక్కపోతే మన సంఘం వాళ్ళెవరినైనా మొగమాటం లేకుండా లేపండి.